పాఠకుల ప్రశ్నలు – వర్క్‌షాపు జవాబులు: వెర్నియర్‌తో బోరు కొలవచ్చా?

ఒడిశా సరిహద్దు జిల్లాల నుంచి ఈమధ్య వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కొలత సాధనాల గురించే. ఏది కొనాలి, ఎలా వాడాలి, లేత్ షాపువాళ్లు చెప్పిన అంకె నమ్మొచ్చా అని అడుగుతున్నారు. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి, వరుస కొద్దిగా మార్చి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: నాది గుణుపురంలో బైకు మెకానిక్ షాపు. వందసీసీ బండ్లే ఎక్కువ. ఇంజను విప్పి చూసి బోరింగ్ (అరిగిన సిలిండరును తొలిచి కాస్త పెద్దది చెయ్యడం) అవసరమో కాదో నేనే తేల్చుకోవాలని డిజిటల్ వెర్నియర్ (దవడలతో పట్టి కొలిచే స్కేలు) కొన్నాను. పొగ కక్కుతున్న బండిలో కూడా బోరు (సిలిండరు లోపలి వ్యాసం) 50.01 మి.మీ. అనే చూపిస్తోంది. అదే సిలిండరు లేత్ షాపుకి పంపితే "అరిగిపోయింది, 0.25 వెయ్యాలి" (అంటే 0.25 మి.మీ. పెద్ద పిస్టన్) అంటున్నారు. ఎవరిది తప్పు?

జవాబు: లేత్ షాపువాళ్లు చెప్పిందే నిజం కావచ్చు. మీ వెర్నియర్ కూడా అబద్ధం చెప్పడం లేదు, కాకపోతే అరగని చోటు కొలిచి చెబుతోంది.

150 మి.మీ. వెర్నియర్‌లో లోపలి కొలతకు ఉండే పై దవడలు సుమారు 15 మి.మీ. లోతుకే దిగుతాయి. బోరు ఎక్కువగా అరిగేది పిస్టన్ పైకి వచ్చి ఆగినప్పుడు మొదటి రింగు ఉండే చోట. అక్కడ రింగు ఒక్క క్షణం ఆగి వెనక్కి తిరుగుతుంది, ఆయిల్ పొర పలచబడుతుంది, మంట ఒత్తిడి రింగును గోడకేసి అదుముతుంది. దానికి పైన మూతి దగ్గర రింగు తగలని నాలుగైదు మిల్లీమీటర్ల అంచు కొత్తదానిలాగే మిగిలిపోతుంది. వేలితో తడిమితే మెట్టులా తెలుస్తుంది. వెర్నియర్ దవడ తిన్నటి ముక్క కాబట్టి ఆ అంచుకే ఆనుకుంటుంది, దాని కింద ఉన్న గుంతలోకి పోదు. అందుకే ఎంత అరిగిన బోరైనా 50.01 అనే చూపిస్తుంది.

రెండోది నిక్కచ్చితనం. ఈ బండ్లలో కొత్త పిస్టన్‌కు, బోరుకు మధ్య సందు కంపెనీ పుస్తకాల్లో సాధారణంగా 0.01 నుంచి 0.04 మి.మీ. మధ్య ఉంటుంది. ఇక పనికిరాదనే హద్దు 0.10 దగ్గర ఉంటుంది. మీ మోడల్ పుస్తకంలోని అంకెనే లెక్కలోకి తీసుకోండి. మంచి డిజిటల్ వెర్నియర్ అయినా తెర మీద 0.01 చూపిస్తుందే గానీ దాని కచ్చితత్వం ±0.02 దగ్గరే ఆగుతుంది. బోరు కొలతలో ఒక 0.02, పిస్టన్ కొలతలో ఒక 0.02 కలిస్తే మీరు వెతుకుతున్న సందు మొత్తం ఆ తప్పులోనే మాయమవుతుంది. తేల్చుకోవాల్సిన తేడాలో పదో వంతు చూడగలిగే సాధనం ఉండాలన్నది పాత లెక్క. అంత కుదరకపోతే కనీసం నాలుగో వంతు.

మీకు కావలసినవి రెండు: బయటి కొలతకు మైక్రోమీటర్, లోపలి కొలతకు డయల్ బోర్ గేజ్. వెర్నియర్‌ను పారెయ్యక్కర్లేదు. బోల్టు, వాషరు, స్ప్రింగు పొడవు, బోరు ఉజ్జాయింపు సైజు లాంటి వాటికి రోజూ పనికొస్తుంది.

బైకు షాపుకి ఒక చిక్కు ఉంది. స్ప్లెండర్ బోరు 50.0 మి.మీ. స్టాండర్డ్ పిస్టన్ స్కర్టు (పిస్టన్ కింది భాగం) 50కి ఒక పిసరు తక్కువ ఉంటుంది కాబట్టి 25–50 మి.మీ. మైక్రోమీటర్‌లో పడుతుంది. 0.25 ఓవర్‌సైజు పిస్టన్ మాత్రం 50 దాటిపోతుంది, దానికి 50–75 కావాలి. ఒక్కటే కొనగలిగితే 50–75 కొనండి. బోరింగ్ చేయించే ప్రతి బండికీ అదే పనికొస్తుంది, బోర్ గేజ్‌ను 50.00కి సెట్ చెయ్యడానికి కూడా సరిపోతుంది. తర్వాత 25–50. వాల్వు కాడలు, గజన్ పిన్ను (పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్డుకు కలిపేది), షిమ్ముల (సందు సరిచేసే పలచటి బిళ్లల) కోసం 0–25. బోర్ గేజ్ 35–60 రేంజిది తీసుకోండి. 50–150 అని ఉన్నది చూడ్డానికి ఎక్కువ పనికొచ్చేలా ఉంటుంది గానీ మీ 50 బోరు దాని చివరి అంచున పడుతుంది.

చేతికొచ్చాక ఆరు చోట్ల కొలవండి: పై నుంచి సుమారు 10 మి.మీ. కింద, మధ్యలో, అడుగున. ప్రతిచోటా రెండు దిక్కులు, గజన్ పిన్ను వెంట ఒకటి, దానికి అడ్డంగా ఒకటి. పైన అడ్డంగా 50.08, పిన్ను వెంట 50.04, అడుగున రెండు దిక్కులా 50.01 వచ్చిందనుకోండి. ఒకే ఎత్తులో రెండు దిక్కుల తేడా 0.04, అది ఓవాలిటీ. ఒకే దిక్కున పైకీ కిందకీ తేడా 0.07, అది టేపరు. ఆ బోరులో కొత్త రింగులు వేసినా నాలుగు రోజుల ముచ్చటే, ఎందుకంటే రింగు కిందకి పోతూ ముడుచుకుని, పైకి వస్తూ విచ్చుకుంటూ ప్రతి చక్రంలోనూ గాడిలో ఆడుతూనే ఉంటుంది.

ప్రశ్న: పర్లాకిమిడి దగ్గర పవర్ టిల్లర్లు, కిర్లోస్కర్ పంపుసెట్లు బాగుచేస్తాం. మొదటిసారి మైక్రోమీటర్ కొనబోతున్నాం. ఏ సైజు, డిజిటలా మామూలుదా, జపానుదా మనదేశందా?

జవాబు: మీ పని ఒక రకంగా సులువు. కిర్లోస్కర్ ఏవీ1 అయిదు హెచ్‌పీ ఇంజను బోరు 80 మి.మీ., టీవీ1 బోరు 87.5, వీఎస్టీ శక్తి 130 టిల్లరు బోరు 95. మూడూ 75–100 లోనే పడతాయి. అది ఒకటి, క్రాంకు జర్నళ్ల (బేరింగుల్లో తిరిగే గుండ్రటి భాగాల) కోసం 50–75 ఒకటి ఉంటే పని నడుస్తుంది. బోర్ గేజ్ 50–150 తీసుకోండి. మెడ పొడవు 150 మి.మీ. ఉన్నదయితే లైనర్‌ను (సిలిండరు లోపలి తొడుగును) రెండు చివరల నుంచీ కొలిచి మధ్య దాకా అందుకోవచ్చు.

మామూలు మైక్రోమీటర్‌లో స్క్రూ ఒక చుట్టుకి 0.5 మి.మీ. కదులుతుంది, థింబుల్ (చేత్తో తిప్పే గొట్టం) మీద 50 గీతలుంటాయి, కాబట్టి గీతకి 0.01. గీతకీ గీతకీ మధ్య సగం అంచనా వేస్తే 0.005 దాకా చదవొచ్చు. లైనరూ పిస్టనూ పనికి ఇది చాలు. బేరింగుల పని ఎక్కువుంటే స్లీవు (తిరగని లోపలి గొట్టం) మీద అదనపు వెర్నియర్ గీతలుండి 0.001 చదవగలిగేది తీసుకోండి. ఒకటి గుర్తుంచుకోండి: కొన్ని కంపెనీల 75–100 మైక్రోమీటర్లలో స్లీవు మీద అంకెలు 75 నుంచి మొదలవుతాయి, కొన్నిటిలో 0 నుంచి. సున్నా నుంచి ఉన్నదానిలో 12, థింబుల్ మీద 38 వస్తే కొలత 75 + 12 + 0.38, అంటే 87.38. కొత్తవాళ్లు ఎక్కువగా పొరపడేది అర మిల్లీమీటరు గీత దగ్గర. అది కనబడీ కనబడనట్టు ఉన్నప్పుడు 87.38 అన్నది 87.88 అయిపోతుంది. అందుకే ముందు వెర్నియర్‌తో ఒకసారి చూసి పెట్టుకుంటే అర మిల్లీమీటరు పొరపాటు దొరికిపోతుంది. వెర్నియర్ అసలు ఉపయోగం అక్కడ.

డిజిటల్ మైక్రోమీటర్ చదవడానికి హాయి, ధర ఎక్కువ. షాపులో ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు కొలుస్తుంటే చదవడంలో తప్పులు తగ్గుతాయి. తడి, ఆయిల్ తగిలే చోటయితే ఐపీ65 (దుమ్ము, నీటి చిమ్ము లోపలికి పోవన్న గుర్తు) అని రాసి ఉన్నదే తీసుకోండి. మామూలు డిజిటల్ సాధనంలో స్కేలు మీద తడి చేరితే అంకెలు గంతులేస్తాయి. ఒకే డబ్బుకి చవక డిజిటల్, మంచి మామూలుది రెండూ వస్తుంటే మా ఓటు మామూలుదానికే.

కంపెనీ మాటకొస్తే మిటుటోయో పేరున్నది, నకిలీలు ఎక్కువగా తిరిగేదీ దాని పేరు మీదే. పుణె బేకర్ వాళ్ల సాధనాలు మన వర్క్‌షాపులు ఏళ్ల తరబడి వాడుతున్నవే. ఏదైనా సరే, పెట్టెలో తనిఖీ పత్రం ఉందా, దాని మీది సీరియల్ నంబరూ ఫ్రేము మీది నంబరూ ఒకటేనా, 25 దాటిన రేంజి అయితే సున్నా సరిచూసే సెట్టింగ్ కడ్డీ ఉందా అన్నది చూడండి. సెట్టింగ్ కడ్డీ లేని 75–100 మైక్రోమీటర్ వద్దు. దాని సున్నా ఎక్కడుందో తెలుసుకునే దారే ఉండదు. సగం ధరకి పేరున్న కంపెనీది దొరికిందంటే అది ఆ కంపెనీది కాదనుకోండి.

ప్రశ్న: రాయగడలో బోరింగ్ షాపులో పనికి చేరాను. బోర్ గేజ్ ముల్లు కుడికి తిరిగితే బోరు పెద్దదనుకుని ఒక సిలిండరు ఇంకా చిన్నగా ఉండగానే ఆపేశాను. సరిగా సెట్ చెయ్యడం ఎలా?

జవాబు: బోర్ గేజ్‌లో డయల్ తిరగేసి మాట్లాడుతుంది. కొస లోపలికి నొక్కుకుంటే ముల్లు కుడికి, అంటే గడియారం తిరిగే వైపు పోతుంది. నొక్కుకోవడం అంటే చోటు ఇరుకు. కాబట్టి సున్నాకి కుడివైపు ఉంటే బోరు సెట్ చేసిన సైజు కంటే చిన్నది, ఎడమవైపు ఉంటే పెద్దది. గేజు పిడి మీద చిన్న స్టిక్కరు అంటించి "కుడి – చిన్న, ఎడమ – పెద్ద" అని రాసిపెట్టుకోండి. సీనియర్లు నవ్వినా పర్లేదు.

ముందు వెర్నియర్‌తో బోరు ఉజ్జాయింపుగా చూడండి. 80 అనుకుందాం. గేజుతో వచ్చిన కడ్డీ, వాషర్లు ఎంచి, గేజు స్వేచ్ఛగా ఉన్నప్పుడు మొత్తం పొడవు 80 కంటే అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు ఎక్కువ ఉండేలా బిగించండి. కడ్డీ నట్టు వదులుగా ఉంటే తర్వాత చేసిందంతా దండగ. 75–100 మైక్రోమీటర్‌ను సెట్టింగ్ కడ్డీతో సరిచూసి, 80.00కి తిప్పి లాకు వెయ్యండి. రాగి లేదా అల్యూమినియం రేకు పెట్టిన వైసులో ఫ్రేమును మెల్లగా పట్టించండి. గట్టిగా బిగిస్తే ఫ్రేము వంగుతుంది.

గేజును మైక్రోమీటర్ రెండు ముఖాల మధ్య పెట్టి పైకీ కిందకీ, అటూ ఇటూ మెల్లగా ఊపండి. ముల్లు కుడికి వెళ్లి ఒకచోట ఆగి వెనక్కి తిరుగుతుంది. ఆ తిరుగు చోటే నిజమైన 80.00. డయల్ చుట్టు తిప్పి సున్నా అక్కడికి తెచ్చి, మరో రెండుసార్లు ఊపి చూడండి. ప్రతిసారీ సున్నా దగ్గరే తిరిగితే సెట్ అయినట్టు. బోరులో గేజును కొద్దిగా వంచి దించి, నిలువుగా తెస్తూ ముందుకూ వెనక్కీ ఊపండి. అక్కడా తిరుగు చోటే చదవాలి. సున్నాకి ఎడమవైపు 7 గీతల దగ్గర తిరిగితే బోరు 80.07. పని అయ్యాక గేజును మళ్లీ మైక్రోమీటర్‌లో పెట్టి చూడండి. సున్నా జరిగి ఉంటే ఇప్పటిదాకా రాసిన అంకెలన్నీ మళ్లీ కొలవాల్సిందే.

పిడికి ఉన్న ప్లాస్టిక్ తొడుగు దగ్గరే పట్టుకోండి. ఉక్కు మెడను అరచేతిలో పట్టుకుని పది నిమిషాలు కొలిస్తే ఒంటి వేడి మెడకెక్కుతుంది, సున్నా దానంతటదే జరుగుతుంది.

మూడు కాళ్ల లోపలి మైక్రోమీటర్ మేలు కదా అని ఇంకో పాఠకుడు అడిగారు. ధర చాలా ఎక్కువ. పైగా మూడు చోట్ల ఒకేసారి ఆనుతుంది కాబట్టి కోడిగుడ్డులా సాగిన బోరును కూడా గుండ్రంగానే చూపించగలదు. ఇంజను బోరులో మనం వెతికేదే ఆ తేడా. రెండు కొసల గేజే మేలు.

ప్రశ్న: కాశీనగర్. టిల్లరు బోరింగ్ చేయించి 0.50 ఓవర్‌సైజు పిస్టన్ వేయించాను. తోలిన రెండో గంటలో పట్టేసింది (పిస్టన్ బోరులో బిగుసుకుపోయింది). లేత్‌వాళ్లు "సందు సరిగ్గానే ఇచ్చాం" అంటున్నారు.

జవాబు: వాళ్లు కొలిచి ఉండొచ్చు, ఎక్కడ కొలిచారన్నదే అసలు ప్రశ్న. పిస్టన్ గుండ్రంగా ఉండదు. తల వైపు సన్నగా, స్కర్టు వైపు లావుగా, గజన్ పిన్ను వెంట కొద్దిగా నొక్కినట్టు చేస్తారు. వేడికి తల ఎక్కువ సాగుతుంది, పిన్ను చుట్టూ లోహం ఎక్కువ కాబట్టి అటు సాగుతుంది, అందుకని. కొలవాల్సింది పిన్నుకు అడ్డంగా, స్కర్టు అడుగు నుంచి పుస్తకంలో చెప్పిన ఎత్తులో. తల దగ్గరో పిన్ను వెంటో కొలిస్తే పిస్టన్ ఉన్నదానికంటే సన్నగా తోస్తుంది, బోరును దానికి తగ్గట్టు చేస్తారు, చివరికి స్కర్టు ఇరుకవుతుంది. కాగితం మీద సందు సరిగ్గానే ఉంటుంది, బండి పట్టేస్తుంది.

రెండోది వేడి. హోనింగ్ (బోరును రాళ్లతో సన్నగా రుద్ది నునుపు చెయ్యడం) అవగానే సిలిండరు వేడిగా ఉంటుంది. గది కంటే 20 డిగ్రీలు ఎక్కువ ఉంటే 80 మి.మీ. పోత ఇనుము బోరు సుమారు 0.018 పెద్దదిగా కొలుస్తుంది. చల్లారాక ఆ 0.018 మీ సందులోంచి పోతుంది. 95 బోరుకి ఇంకాస్త ఎక్కువ. హోనింగ్ అయ్యాక కడిగి, పిస్టనూ సిలిండరూ మైక్రోమీటరూ ఒకే బల్ల మీద కనీసం రెండు మూడు గంటలు, వీలైతే రాత్రంతా వదిలి, తెల్లారి కొలవాలి. ఎండలో ఉన్న ఆటోలోంచి తెచ్చిన పిస్టన్‌ను వెంటనే కొలవకూడదు. కొలతలన్నిటికీ లెక్క 20 డిగ్రీల దగ్గర. ఇనుము బోరూ ఉక్కు మైక్రోమీటరూ దాదాపు ఒకేలా సాగుతాయి కాబట్టి వాటితో ఇబ్బంది లేదు. అల్యూమినియం పిస్టన్ అంతకు రెట్టింపు దగ్గర సాగుతుంది. 40 డిగ్రీల మే నెల మధ్యాహ్నం 80 మి.మీ. పిస్టన్ సుమారు 0.013 లావుగా కొలుస్తుంది. ఆ తప్పు సందును పెంచే వైపు కాబట్టి పట్టెయ్యడానికి అది కారణం కాదు. చలికాలంలో చేసిన బోరూ ఎండాకాలంలో చేసిన బోరూ ఒకేలా రాకపోవడానికి అది కారణం.

మళ్లీ చేయించేటప్పుడు ముందు పిస్టన్ కొని షాపుకి ఇవ్వండి. "0.50 చెయ్యండి" అని చెప్పి ఒట్టి సిలిండరు పంపొద్దు. పిస్టన్ కొలత రాసుకుని, దానికి పుస్తకంలోని సందు కలిపితే బోరు సైజు. బోరింగ్ బారుతో దానికి 0.05 దాకా తక్కువలో ఆపి మిగతాది హోనింగ్‌తో తియ్యాలి. తీసుకునేటప్పుడు ఆరు చోట్ల కొలతలు ఒక చీటీ మీద రాసిమ్మనండి. చీటీ రాసిచ్చే షాపు దొరికితే పది రూపాయలు ఎక్కువైనా వదులుకోవద్దు. ఇక రింగు గ్యాపు, ఆయిల్ పంపు, నీళ్ల ప్రవాహం సరిచూడకుండా తప్పంతా బోరింగు మీద వెయ్యడం కూడా న్యాయం కాదు. పట్టేసిన పిస్టన్ మీద గీతలు చూడండి. స్కర్టుకి రెండు వైపులా నిలువునా ఉంటే సందు ఇరుకు. పిన్నుకి రెండు పక్కలా నాలుగు చోట్ల ఉంటే వేడెక్కుడు గానీ పిన్ను బిగుతు గానీ.

ప్రశ్న: నేను మెకానిక్‌ను కాను, రైతును. పంపుసెట్ ఆయిల్ తాగుతోంది. బోర్ గేజ్ కొనే స్తోమత లేదు. లైనరు అరిగిందో లేదో ఇంటి దగ్గరే తెలుసుకునే దారుందా?

జవాబు: ఉంది. ఒక ఫిల్లర్ గేజి (సందులో దూర్చి చూసే పలచటి ఉక్కు రేకుల కట్ట), మీ ఇంజనుకు సరిపోయే ఒక కంప్రెషన్ రింగు చాలు. రింగును లైనరులో పెట్టి, తిరగేసిన పిస్టన్‌తో తోస్తే వాలకుండా తిన్నగా కూర్చుంటుంది. ముందు రింగులు తగలని అడుగు భాగంలో పెట్టి రింగు మూతుల (తెగిన రెండు కొసల) మధ్య సందు కొలవండి. తర్వాత అదే రింగును పైనుంచి 10–15 మి.మీ. కింద పెట్టి కొలవండి. తేడాను 3.14తో భాగించండి. అడుగున 0.35, పైన 0.80 వచ్చిందంటే తేడా 0.45, బోరు అరుగుదల సుమారు 0.14 మి.మీ. వ్యాసం ఒక పాలు పెరిగితే చుట్టుకొలత మూడు పాళ్లకు పైగా పెరుగుతుంది కాబట్టి చిన్న అరుగుదల కూడా ఫిల్లర్ గేజికి పెద్దగా కనబడుతుంది. ఓవాలిటీ మాత్రం దీనితో తెలియదు. బోరింగ్ వేయించాలా వద్దా అన్న నిర్ణయానికి సరిపోతుంది, బోరింగ్ సైజు చెప్పడానికి సరిపోదు.

కొత్త రింగు గ్యాపుకి ఒక మోటు లెక్క: బోరు మిల్లీమీటరుకు 0.004. అంటే 80 బోరుకు 0.32 దగ్గర. అంతకంటే బాగా తక్కువుంటే వేడికి మూతులు కలిసి రింగు విరుగుతుంది.

ప్రశ్న: జయపురం. ఘాటు రోడ్డు జీపు క్రాంకు "పది" గ్రైండింగ్ చేయించాం. బేరింగు సందు ఎంతుందో చూడాలంటే ఫిల్లర్ గేజి దూరిస్తే చాలదా?

జవాబు: చాలదు. ఫిల్లర్ ముక్క బల్లపరుపు, సందు వంపు. ముక్క రెండు అంచుల మీద నిలబడి సందు తక్కువుందని చెబుతుంది, పైగా మెత్తటి బేరింగు లోహాన్ని గీకుతుంది.

"పది" అంటే అంగుళంలో వెయ్యో వంతులు పది, మన లెక్కలో 0.254 మి.మీ. బేరింగు పెట్టె మీద 0.25 అనో 010 అనో ఉంటుంది, రెండూ ఒకటే. సందుకి మోటు లెక్క, జర్నలు వ్యాసం మిల్లీమీటరుకు ఒక మైక్రాను (0.001 మి.మీ.). 55 మి.మీ. జర్నలుకు 0.055 చుట్టుపక్కల. కంపెనీ అంకె ఉంటే అదే వాడాలి.

ప్లాస్టిగేజ్ అనే సన్నటి మైనపు దారం దొరుకుతుంది. ఆకుపచ్చది 0.025 నుంచి 0.076 దాకా కొలుస్తుంది, మీకు కావలసింది అదే. ఎరుపు 0.05–0.15. జర్నలూ బేరింగూ ఆయిల్ లేకుండా పొడిగా తుడిచి, దారం ముక్కను షాఫ్టు పొడవు వెంట పెట్టి, క్యాపు వేసి టార్క్ రెంచితో (బిగువు ఎంతో చూపే స్పానరుతో) పూర్తి బిగువు ఇవ్వండి. క్రాంకు వీసమెత్తు కూడా తిప్పకూడదు, తిప్పితే దారం పులుముకుపోతుంది. విప్పి, నలిగిన వెడల్పును కవరు మీది గీతలతో పోల్చండి. ఒక చివర వెడల్పు, ఇంకో చివర సన్నం ఉంటే జర్నలు టేపరు ఉందన్నమాట. క్రాంకును 90 డిగ్రీలు తిప్పి మరో ముక్కతో చూస్తే ఓవాలిటీ కూడా బయటపడుతుంది. అరలో ఎన్నాళ్లో ఉండి ఎండిన దారం పెళుసెక్కి తప్పు చూపిస్తుంది.

మైక్రోమీటర్, బోర్ గేజ్ ఉంటే నేరుగా కొలవొచ్చు. క్యాపు టార్కుకి బిగించాకే బేరింగు లోపల కొలవాలి, అదీ రెండు ముక్కలు కలిసే గీతకు అడ్డంగా. ఆ గీత దగ్గర బేరింగును కావాలనే కాస్త పలచగా చేస్తారు, అక్కడ కొలిస్తే సందు ఎక్కువ కనబడి కంగారు పడతారు.

క్రాంకు ముందుకూ వెనక్కీ ఆడడం చూడాలంటే మాగ్నెట్ స్టాండు మీద 0.01 డయల్. డయల్ కాడ క్రాంకు నిడివి వెంట తిన్నగా ఉండాలి. 20 డిగ్రీలు వాలితే కొలతలో 6 శాతం తప్పు వస్తుంది. అల్యూమినియం బ్లాకుకు మాగ్నెట్ అంటదు, ఒక ఉక్కు పట్టీని బోల్టుతో బిగించి దాని మీద నిలపండి.

ప్రశ్న: గోపాలపూర్ ఒడ్డున పడవ ఇంజన్లు చేస్తాం. మైక్రోమీటర్ ఏడాదికే తుప్పు పడుతోంది.

జవాబు: ఉప్పుగాలికి వేలిముద్రల చెమట తోడైతే వారం చాలు. పని అవగానే పొడి మెత్తటి గుడ్డతో తుడిచి, పలచటి మెషిను ఆయిల్ ఒక చుక్క రుద్ది పెట్టండి. గ్రీజు వద్దు, దుమ్ము పట్టి స్క్రూలోకి పోతుంది. ముఖాలు రెండూ ఆనించి పెట్టకండి, ఒక మిల్లీమీటరు సందు వదలండి. ఆనించి పెడితే మధ్యలో చిక్కిన తడి అక్కడే తుప్పు గుంటలు చేస్తుంది, వేడికి సాగినప్పుడు ఒత్తిడి కూడా పడుతుంది. లాకు వెయ్యొద్దు. చెక్కపెట్టె తేమ పీలుస్తుంది, మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో రెండు సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి. పొట్లాలను అప్పుడప్పుడూ వేడిచేసి ఆరబెట్టుకోవాలి. డిజిటల్‌ది నెలల తరబడి వాడకపోతే బ్యాటరీ తీసెయ్యండి. వేసేటప్పుడు ఎల్ఆర్44 బదులు ఎస్ఆర్44 వెయ్యండి, ఓల్టేజి చివరిదాకా నిలకడగా ఉంటుంది.

ప్రశ్న: బరంపురంలో పాత సామాన్ల దుకాణంలో 25–50, 75–100 మైక్రోమీటర్లు చవగ్గా ఉన్నాయి. మంచివో కావో అక్కడే చూసుకునేదెలా?

జవాబు: ముందు థింబుల్‌ను ఈ చివర నుంచి ఆ చివరదాకా తిప్పండి. ఎక్కడైనా బిగుసుకుంటే స్క్రూ దెబ్బతింది. స్పిండిలును (ముందుకు కదిలే కాడను) అడ్డంగా ఊపితే ఆట ఉండకూడదు. ముఖాల అంచులు పెచ్చులూడి ఉంటే వదిలెయ్యండి. ర్యాచెట్ (థింబుల్ చివర ఉండే చిన్న పిడి) టిక్కుటిక్కుమంటూ ఒకే బలంతో జారాలి. అది లేకుండా బిగించి కొలిస్తే ఒక్కో చేతికి ఒక్కో అంకె వస్తుంది.

సున్నా జరిగి ఉండడం పెద్ద లోపం కాదు. ముఖాల మధ్య శుభ్రమైన తెల్ల కాగితం మెల్లగా బిగించి లాగి, నూలుపోగు మిగలకుండా చూసి, సెట్టింగ్ కడ్డీతో చూడండి. తేడా 0.01 లోపు ఉంటే చిన్న స్పానరుతో స్లీవు తిప్పి సరిచెయ్యొచ్చు, ఎక్కువుంటే థింబుల్ వదులు చేసి దిద్దాలి. అసలు ప్రమాదం సున్నా సరిగ్గా ఉండి మధ్యలో తప్పు చూపడం. ఒకే చోట ఏళ్లకేళ్లు వాడిన మైక్రోమీటర్‌లో స్క్రూ అక్కడే అరుగుతుంది.

గేజ్ బ్లాకులు (కచ్చితమైన కొలత ఉన్న ఉక్కు దిమ్మలు) లేనివాళ్లకి ఒక ఉపాయం: వాడని మంచి కంపెనీ బాల్ బేరింగు వెంట తీసుకెళ్లండి. 6203 బేరింగు బయటి వ్యాసం 40 మి.మీ., 25–50 మైక్రోమీటర్‌కు దాదాపు నడుమ పడుతుంది. మామూలు తరగతి బేరింగులో అది 39.989కి తగ్గదు, 40.000 దాటదు. 75–100కి 6208 బేరింగు, బయటి వ్యాసం 80, అది 79.987కీ 80.000కీ మధ్య ఉంటుంది. 6210 అయితే 90, దానికి తగ్గుదల హద్దు 15 మైక్రాన్లు. మూడు దిక్కుల్లో కొలిచి సగటు చూడండి. ఈ లెక్క బయటి వ్యాసానికే చెల్లుతుంది. బేరింగు వెడల్పుతో సరిచూడొద్దు, అందులో 0.12 దాకా తేడా ఒప్పుకుంటారు.

ఈ పరీక్ష నెగ్గితే ఇంజను పనికి ధీమాగా వాడుకోవచ్చు. పత్రం కావాలంటే ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న క్యాలిబ్రేషన్ ల్యాబుకి (సాధనాల కచ్చితత్వం సరిచూసే చోటుకి) పంపాలి. మీకు విశాఖ గానీ భువనేశ్వర్ గానీ దగ్గర. ఒక్క మైక్రోమీటర్ కోసం అంత దూరం ఎందుకనుకుంటే సెట్టింగ్ కడ్డీని పంపించండి, షాపులో ఆ సైజు పట్టే మైక్రోమీటర్లన్నీ దానితో చూసుకోవచ్చు. 75–100 వాటికి కడ్డీ పోయిందని దుకాణదారు అంటే అదే సైజు కడ్డీ విడిగా దొరుకుతుంది. దాని ధర కూడా కలుపుకుని బేరమాడండి.